రెండు మాటలు చెప్పండి మేడం

మీలో కొత్తగా లెక్చరర్లుగా చేరినవాళ్ళకు ఇవాళో రేపో ఒక మెంటర్‌ను తగిలిస్తారు. తగిలిస్తారనే మాట తెలిసే వాడుతున్నాను, నన్నూ ఒకరికి అలాగే తగిలించారు. ధర్మవరంలో కామర్స్ పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషిని. నా సర్వీసు మొత్తంలో గొప్ప క్లాసు ఏదని ఎవరైనా అడిగితే, ఆఖరి ఏడాదిలో హిందూపురంలో జరిగిన ఒక ఫిజిక్స్ క్లాసు అని చెబుతాను. ఆ క్లాసులో నేను బెంచీ మీద కూర్చున్నాను, ఆ కూర్చోవడానికే నాకు ఏడాది పట్టింది.

సంగతి ఇది. యూనివర్సిటీ వాళ్ళు తమ కింద ఉన్న కాలేజీల్లో కొత్తగా చేరిన అధ్యాపకులకు ఒక పెద్ద దిక్కు ఉండాలనుకున్నారు. ప్రతి కొత్త లెక్చరర్‌కూ వేరే కాలేజీ నుంచి ఒక సీనియర్‌ను చూపిస్తారు. ఆ సీనియర్ అప్పుడప్పుడూ వెళ్ళి క్లాసులో వెనక కూర్చొని పాఠం విని, తర్వాత చాటుగా మంచీ చెడూ చెప్పాలి. ఏడాది చివర ఒక కమిటీ వచ్చి క్లాసు చూస్తుంది, ఆ కమిటీలో మెంటర్ కూడా కూర్చోవాలి. కాగితం మీద చాలా బాగుంది. సర్క్యులర్ వచ్చిన రోజున మా కాలేజీలో సీనియర్లందరికీ ఒక్కసారిగా బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు గుర్తుకొచ్చాయి. నాకు ఆ పూట ఏ జబ్బూ తోచలేదు, దొరికిపోయాను.

ప్రారంభోత్సవం పెనుకొండలో పెట్టారు, హిందూపురం వాళ్ళకూ మాకూ మధ్యలో ఉంటుందని. వేదిక మీద ఉన్న ప్రతి పెద్దమనిషీ కొత్తవాళ్ళకు మాట్లాడే అవకాశం ఇవ్వడం ఎంత అవసరమో దీర్ఘంగా మాట్లాడారు. దాంతో కొత్తవాళ్ళను మాకు పరిచయం చేసే వేళ లేకపోయింది. ఎవరికి ఎవరో భోజనాల వరుసలో పెరుగన్నం దగ్గర తేల్చారు. నాకు వచ్చినవాడు అగళి వైపు కుర్రాడు, హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. పొడుగ్గా, సన్నగా, కాస్త వంగి ఉంటాడు. నన్ను చూడగానే తన ప్లేటు కింద పెట్టేసి దండం పెట్టాడు, నా ప్లేటు తీసుకొని నింపి తెచ్చాడు, నేను తినేదాకా పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే నవ్వాడు తప్ప కూర్చోలేదు. ఎంత మర్యాదస్తుడో అనుకొని మురిసిపోయాను. ఆ మర్యాదే నా ప్రాణానికొస్తుందని అప్పుడు తెలియదు.

అతని పరిస్థితి కూడా ఆ రోజే విన్నాను. వాళ్ళ కాలేజీ యాజమాన్యం ఒక నియమం పెట్టుకుంది. కమిటీ వచ్చి క్లాసు చూసి బాగుందంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. అంతకు ముందు ఏడాది ఒకాయనను అలాగే పంపేశారు. ఇతను మడకశిరలో ఒక స్కూలు ఉద్యోగం వదులుకొని ఇక్కడికొచ్చాడు, అక్కడ అతని కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు. వాళ్ళ నాయన గొర్రెలు కాస్తాడు. కొడుకు కాలేజీలో పాఠం చెబుతాడని ఊళ్ళో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుంటున్నాడట. ఈ ఉద్యోగం పోతే ఊళ్ళో తలెత్తుకోలేనని కుర్రాడు తల వంచుకొని చెప్పాడు. నేనుండగా భయమెందుకని గట్టిగా హామీ ఇచ్చేశాను.

మొదటిసారి హిందూపురం వెళ్ళాను. క్లాసులో అడుగు పెట్టగానే పిల్లలంతా లేచారు. కుర్రాడు శాలువా కప్పాడు, నిమ్మకాయ చేతిలో పెట్టాడు, ఒక అమ్మాయి పూలగుత్తి ఇచ్చింది. తర్వాత అతను చేతులు కట్టుకొని, “మా పిల్లలకు రెండు మాటలు చెప్పండి మేడం” అన్నాడు. ఇంతమంది పిల్లలు నా మొహం చూస్తుంటే కాదనడం బాగుండదు కదా. చెప్పాను. చదువు, క్రమశిక్షణ, లక్ష్యం, మధ్యలో నా చిన్ననాటి కష్టాలు, రెండు చమత్కారాలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. బెల్లు కొట్టారు, నాకు టిఫిను పెట్టించారు. శాలువాతో ఇంటికొస్తే మా ఆయన క్లాసెట్లా జరిగిందని అడిగాడు. బ్రహ్మాండమన్నాను. ఆ పిల్లోడు ఎట్లా చెప్తాడని అడిగాడు. అప్పుడు గాని నాకు తెలిసి రాలేదు, అతని నోటి నుంచి ఒక్క పాఠం ముక్క కూడా నేను వినలేదని.

రెండోసారి ముందే ఫోను చేసి శాలువాలూ పూలూ వద్దని ఖండితంగా చెప్పాను. వాటిని పెట్టలేదు, మాట నిలబెట్టుకున్నాడు. నేను వెనక బెంచీలో కూర్చోగానే మళ్ళీ చేతులు కట్టుకొని ఆ రెండు మాటలే అడిగాడు. నేను కుదరదన్నాను. పాపం, బోర్డు మీద పాఠం పేరు రాశాడు, చెరిపాడు, ఇంకా అందంగా రాశాడు, మళ్ళీ చెరిపాడు. అంతలో వాళ్ళ ప్రిన్సిపాల్ వరండాలో పోతూ కనిపించాడు. కుర్రాడు ఒక్క గెంతులో బయటికెళ్ళి ఆయనను పట్టుకొచ్చి పిల్లలకు రెండు మాటలు చెప్పమన్నాడు. ప్రిన్సిపాల్ చెప్పి, మన అతిథి కూడా రెండు మాటలు చెబుతారంటూ నాకు అప్పగించాడు. బెల్లు కొట్టారు.

ఆ రోజు నన్ను రైలెక్కించడానికి స్టేషనుకొచ్చాడు, నా సంచి నన్ను ముట్టుకోనివ్వలేదు. ప్లాట్‌ఫాం మీద నాకు కోపం ఆగలేదు. నీ పాఠం వినడానికొస్తే నన్ను ఉపన్యాసాల మనిషిని చేశావేమిటని కసిరాను. పట్టాల వైపు చూస్తూ చెప్పాడు.

“మా ఇంట్లో పెద్దోళ్ళు కూసోనుంటే నేను ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు మేడం. మీరు కింద బెంచీలో కూసోనుంటే నేను ఆ బోర్డు ముందర మిట్ట మీద నిలబడి మీకు చెప్పేదెట్ల? నోరు రాదు. పిల్లోళ్ళ ముందరైతే వస్తాది.”

“మరి కమిటీ వచ్చినప్పుడు ఏం చేస్తావప్పా?”

“అదే మేడం, రాత్రిళ్ళు నిద్ర పట్టేది లేదు” అన్నాడు. రైలొచ్చింది. నా సంచి సీటు మీద పెట్టి, కిటికీ బయట రైలు కదిలేదాకా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నాకు కోపం పోయి భయం పట్టుకుంది.

మెంటర్ అన్నాక ఉపాయం చెప్పాలి కదా. మిట్ట మీద నిలబడటమే ఇబ్బందైతే కిందికి దిగి చెప్పమన్నాను. దిగాడు. అయితే బోర్డు మీద రాసేటప్పుడు నాకు వీపు చూపించాల్సి వస్తుంది, అది ఇంకా పెద్ద తప్పట. అందుకని నా వైపు తిరిగి, చెయ్యి వెనక్కి పెట్టి రాశాడు. ఆ సమీకరణం బోర్డు పైమూలలో మొదలై కిందిమూలలో తేలింది. పిల్లలు మెడలు వంచి వంచి నోట్సులోకి ఎక్కించుకున్నారు. ఇంకోసారి చెప్పకుండా వెళ్ళి వరండాలో కిటికీ పక్కన నక్కాను. లోపల గొంతు ఖంగుమని వినిపిస్తోంది, నాకు పట్టరాని సంతోషం. అంతలో అటెండరు చూశాడు. నా వయసు మనిషి ఎండలో నిలబడి ఉంటే ఓర్చుకోలేక కుర్చీ తెచ్చి వేసి, కిటికీలోంచి తల పెట్టి, “సార్, మేడం బయట నిలబడుకోనుండారు” అని చెప్పాడు. గొంతు ఠక్కున ఆగిపోయింది. అటెండరు నాకు టీ కూడా తెచ్చాడు.

పెనుకొండలో నాకు తెలిసిన కాలేజీ ఒకటి ఉంది, అక్కడైతే కొత్త చోటు, అతన్ని ఎవరూ ఎరగరు, పక్క గదిలో కూర్చొని వింటానని ఒక ఏర్పాటు చేశాను. అక్కడి ప్రిన్సిపాల్ నా స్నేహితురాలు. మా కాలేజీకి వచ్చినవాళ్ళను మర్యాద చేయకుండా ఎలా పంపుతామంటూ ఆమె స్వయంగా క్లాసులోకి వెళ్ళింది. ఆ తర్వాత ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. గోడకు చెవి ఆనించుకొని ఆమె రెండు మాటలూ నేనే విన్నాను.

చివరికి అతని క్లాసులో ఒక అమ్మాయిని పట్టుకున్నాను. ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. “మా సార్ బలే చెప్తాడు మేడం. మీరొస్తేనే చెప్పడు.” క్లాసులో ఫోన్లు వాడకూడదని వాళ్ళ కాలేజీలో గట్టి ఆజ్ఞ ఉంది. అయినా నా మొహం చూసి జాలిపడి దొంగతనంగా ఒక వీడియో తీసి పంపింది. అందులో కనిపించింది ఫ్యానూ, ముందు బెంచీ అమ్మాయిల జడలూ. వినిపించింది మాత్రం నాకు తెలియని మనిషి. పిల్లలను ఆటపట్టిస్తున్నాడు, ఒకడిని గదమాయిస్తున్నాడు, మడకశిర వైపు పిల్లలకు అర్థం కాకపోతే కన్నడంలోకి దూకి మళ్ళీ తెలుగులోకి వస్తున్నాడు, ప్రశ్న వేసి జవాబు వచ్చేదాకా ఊరుకోవడం లేదు. నేను కామర్స్ మనిషిని, ఆ ఫిజిక్స్ నాకు ఎక్కలేదు. అయినా వంటింట్లో స్టవ్ మీద పప్పు మాడిపోయేదాకా విన్నాను. అంతవరకూ ఇతనికి పాఠం రాదేమోనన్న అనుమానం ఒక మూల ఉండేది. అది పోయింది, దాని చోట ఇంకా పెద్ద బెంగ వచ్చింది. ఇంత బాగా చెప్పేవాడిని, చెప్పడం రాదని ఇంటికి పంపిస్తారు. వీడియో చూపిద్దామంటే కమిటీ కళ్ళారా చూడాలని రూలు, పైగా ఆ పిల్ల ఇరుక్కుంటుంది.

కమిటీ రోజు వచ్చింది. మా ఆయన ఇంట్లో మగ్గాలున్నాయి, పట్టుచీరలకు నాకు కరువు లేదు. ఆ రోజు రెండు రంగుల చీర కట్టుకున్నాను, ఒక పక్క నుంచి ఎర్రగా, ఇంకో పక్క నుంచి నీలంగా కనిపించేది. కమిటీ ఛైర్మన్ భారీ విగ్రహం, రాజనీతిశాస్త్రం ప్రొఫెసర్. ఆయనతో వచ్చిన ఇంకొకాయన ఛైర్మన్ ఏమన్నా తల ఊపే పని మీద ఉన్నాడు. క్లాసుకు ముందు కుర్రాడిని పక్కకు పిలిచి, ఇవాళ రెండు మాటలన్నావంటే నాకు నీ ముఖం చూపించొద్దని చెప్పాను. సరేనన్నాడు. బోర్డు మీద “సబ్బు బుడగలో రంగులు” అని చక్కగా రాశాడు. ఛైర్మన్ గుమ్మంలో కనిపించాడు. పిల్లలు లేచారు. కుర్రాడి చేతులు వాటంతటవే కట్టుకుపోయాయి.

“సార్, మా పిల్లలకు రెండు మాటలు...”

ఛైర్మన్ అప్పటికే మిట్ట ఎక్కేశాడు. ఆయన సర్వీసులో ఎవరికీ రెండోసారి అడగాల్సిన అవసరం పడి ఉండదు. తాను చిన్నప్పుడు బడికి ఎంత దూరం నడిచాడో, దారిలో ఏ వాగు దాటాడో, ఇప్పటి పిల్లలు ఫోన్లలో ఎలా పాడవుతున్నారో చెప్పుకుపోతున్నాడు. ఆ వాగు దాటడానికే చాలాసేపు పడుతోంది. నేను పిల్లల మధ్య బెంచీలో కూర్చొని గడియారం చూస్తున్నాను. కుర్రాడు బోర్డు పక్కన చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఛైర్మన్ సంగతి నేను విన్నాను, చూడనిది చూశానని రాసే మనిషి కాదట. బెల్లు కొడితే ఏం రాస్తాడు? క్లాసు చూడలేదని రాస్తాడు. ఇంటి దగ్గర అతని నాయన మొహం ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడకపోయినా నాకు కనిపించింది.

నేను చెయ్యెత్తాను. చిన్నపిల్లలు ఎత్తినట్టే ఎత్తాను.

ఛైర్మన్ వాగు ఒడ్డున ఆగాడు. ఏమ్మా అని అడిగాడు. నాకొక డౌటు ఉందన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది, అడగమన్నాడు.

“మిమ్మల్ని కాదు సార్, ఆయనను” అన్నాను.

తల ఊపే ఆయన ఊపడం మరిచిపోయాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు, లేచి నిలబడ్డాను.

“నాయనా, బుడగలో రంగులని రాసినావు. నా చీర చూడు. ఈ పక్కనుంచి ఎర్రగుండాది, ఆ పక్కనుంచి నీలంగుండాది. ఆ బుడగ రంగూ ఈ రంగూ రెండూ ఒకటేనా? పెండ్లయినప్పట్నుంచి మగ్గాల మధ్యనే ఉండా, ఇంతవరకు నాకు తెలీదు.”

అబద్ధం కాదు, నిజంగానే నాకు తెలియదు. కుర్రాడు ఛైర్మన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. పెద్దవాళ్ళ ఎదుట నోరు విప్పకూడదు. మరి పెద్దవాళ్ళు అడిగితే? జవాబు చెప్పకుండా నిలబడటం అంతకంటే పెద్ద అమర్యాద. ఆ రెండింటి మధ్య అతను నలిగిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

“ఒకటి గాదు మేడం” అన్నాడు మెల్లగా. తర్వాత ఇంకాస్త గట్టిగా, “మీరు పొరపడినారు” అన్నాడు.

నా జీవితంలో ఆ మాట అంత తియ్యగా ఎప్పుడూ వినపడలేదు. అతను బోర్డు దగ్గర నుంచి కదిలాడు. నన్ను కిటికీ దగ్గరికి రమ్మన్నాడు, కొంగు పట్టుకొని ఇటు తిప్పమన్నాడు, అటు తిప్పమన్నాడు. చీరలో నిలువుగా సాగే పడుగు ఒక రంగు దారం, అడ్డంగా నేసే పేక ఇంకో రంగు దారం అని నాతోనే చెప్పించాడు. ఒక వాటం నుంచి చూస్తే పడుగు మీద పడిన వెలుగు మన కంటికి ఎక్కువ వస్తుందనీ, ఇంకో వాటం నుంచి పేక మీద పడినదనీ, రంగు మాత్రం దారంలో అద్దిందేననీ చెప్పాడు. చూపిద్దామంటే చీర మీద నీడ పడుతోంది. తలెత్తి చూశాడు.

“సార్, మీరు వెలుగుకు అడ్డంగా ఉండారు. కొంచెం జరగండి.”

ఛైర్మన్ జరిగాడు. అది చాలలేదు, కిందికి దిగమన్నాడు. దిగాడు. మోకాళ్ళు వంచి కొంగును వాటంగా చూడమంటే ఆ భారీ మనిషి మూలుగుతూ వంగి చూశాడు, నిజమే నీలం వచ్చిందన్నాడు. తర్వాత కుర్రాడు అటెండరు చేత గ్లాసులో సబ్బు నీళ్ళు తెప్పించాడు, తీగతో ఒక వలయం చుట్టాడు, ఛైర్మన్ చేతికిచ్చి ఊదమన్నాడు. మొదటి బుడగ తల ఊపే ఆయన కళ్ళజోడు మీద పగిలింది. రెండోది కిటికీ వెలుగులో నిలిచింది. పిల్లలంతా బెంచీలు ఎక్కి చూస్తున్నారు. అతను ఛైర్మన్‌నే అడిగాడు.

“ఇప్పుడు చెప్పండి సార్. ఈ నీళ్ళలో ఏ రంగూ కలపలేదు. మల్ల రంగు యాడ్నుంచి వచ్చె?”

సూర్యుడి రంగు అందులో కనిపిస్తోందని ఛైర్మన్ ఏదో చెప్పాడు.

“సగం సరే. ఇంకా ఆలోచన చేయండి.”

ఛైర్మన్ ఆలోచించాడు. ఆయన నుదురు ముడతలు పడటం మేమందరం చూశాం. ఆయన తేల్చలేకపోతే ముందు బెంచీ అమ్మాయి అందించబోయింది, కుర్రాడు ఆ పిల్లను ఆగమన్నాడు, సార్‌నే చెప్పనీ అన్నాడు. చివరికి తనే బోర్డు వైపు తిరిగి, మా అందరికీ నిండుగా వీపు చూపించి, బుడగ పొరకు రెండు ముఖాలు గీశాడు. బయటి ముఖం నుంచి కొంత వెలుగు, లోపలి ముఖం నుంచి కొంత వెలుగు తిరిగొచ్చి కలుసుకుంటాయని, ఆ కలయికలో కొన్ని రంగులు బలపడి కొన్ని చచ్చిపోతాయని, పొర మందం మారితే రంగు మారుతుందని చెప్పాడు. మధ్యలో రెండుసార్లు కన్నడంలోకి వెళ్ళొచ్చాడు. బెల్లు కొట్టారు, ఎవరూ కదల్లేదు. తర్వాతి క్లాసు లెక్చరర్ గుమ్మంలో తొంగి చూస్తే కాసేపాగి రమ్మన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, సబ్బు పడిందని పక్కనున్న పిల్లకు చెప్పాను.

బయటికొచ్చాక గాని తాను ఏం చేశాడో అతనికి తెలిసి రాలేదు. మొహం పాలిపోయింది, ప్రిన్సిపాల్ గది బయట స్తంభం పట్టుకొని నిలబడ్డాడు. లోపల ప్రిన్సిపాల్ కంగారుగా శాలువా తీస్తే ఛైర్మన్ వద్దన్నాడు. ఈ కుర్రాడిని వదులుకుంటే మీ అంత బుద్ధితక్కువ వాళ్ళు ఉండరని చెప్పి సంతకం పెట్టాడు. ప్రిన్సిపాల్ పరుగున బయటికెళ్ళి సంగతి చెప్పాడు. కుర్రాడు స్తంభం వదిలి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి వాళ్ళ నాయనకు ఫోను చేశాడు. అవతలి నుంచి గొర్రెల అరుపులు మాకు కూడా వినిపించాయి.

కారెక్కే ముందు ఛైర్మన్ నా దగ్గర ఆగాడు. మిమ్మల్ని నొప్పించానేమోనని ఏదో అనబోయాను, చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏ ఊరికి పోయినా నా చేతికి మైకిస్తారమ్మా. నాకు పాఠం చెప్పేవాడు కనపడి ఎన్నేండ్లయిందో.”

ఆ మాట నా మనసులో చాలాకాలం కలుక్కుమంటూనే ఉంది. నా బీరువా నిండా కప్పించుకున్న శాలువాలే, వాటిలో ఒక్కదానితోనైనా నాకు కొత్త సంగతి ఒకటి తెలిసిందేమో ఎంత వెతికినా దొరకలేదు. అందుకే కొత్తగా చేరిన మీకు చెబుతున్నాను. మీ క్లాసుకు మాలాంటి ముసలివాళ్ళొస్తే భయపడి మైకు అందించకండి. మేం మాట్లాడటం మొదలుపెడితే ఆపడం మాకే చేతకాదు.

రిటైరయ్యాక ఈ మధ్య ఒకసారి హిందూపురంలో పని పడి, అతని క్లాసుకు వెళ్ళాను. రైలు ఆలస్యమైంది, నేను గుమ్మంలోకి వచ్చేసరికి పాఠం మంచి పట్టులో ఉంది. పిల్లలు లేవబోయారు. అతను సుద్దముక్క పట్టుకున్న చెయ్యితోనే వాళ్ళను కూర్చోమన్నాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. అలవాటు కొద్దీ అతని చేతులు ఒకసారి దగ్గరికి రాబోయి ఆగాయి.

“లేటయినారు మేడం” అన్నాడు. “సప్పుడు చేయకుండా ఎనక బెంచీలో కూసోండి.”

వెళ్ళి కూర్చున్నాను. పక్కనున్న పిల్లవాడు జరిగి చోటిచ్చాడు.